పదకొండు గంటల క్యాసెట్లు

నాకు కోపం ముందు వస్తుంది, బుద్ధి తర్వాత వస్తుంది. మామూలుగా ఈ రెంటికీ మధ్య ఓ పూట తేడా ఉంటుంది. పంతొమ్మిదివందల ఎనభై ఆరు ఏప్రిల్‌లో మాత్రం పదహారు రోజులు పట్టింది. ఆ పదహారు రోజుల్లో నా ఒక్కగానొక్క కూతుర్ని ఇండియా పంపెయ్యడానికి టికెట్టు కూడా తీసేశాను.

అసలు సంగతి వీడియో షాపు నంబరుతో మొదలైంది. అప్పట్లో అమెరికాలో మేమున్న క్యారీ ఊళ్ళో తెలుగువాళ్ళం గట్టిగా పది ఇళ్ళు కూడా లేము. అందరికంటే ముందు వచ్చింది మేము, కాబట్టి షాపులో మెంబర్‌షిప్పు మా ఆయన గోపాల్ పేరు మీద ఉండేది. తర్వాత వచ్చినవాళ్ళెవరూ విడిగా తీసుకోలేదు. "గోపాల్‌గారి నంబరు చెప్పి తెచ్చుకోండి" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. కార్డు చూపించక్కర్లేదు, అంకెలు ఆరూ అప్పజెబితే చాలు. పంచదార అయిపోతే పక్కింటికి గ్లాసు పట్టుకెళ్ళినట్టు మా నంబరు అందరూ వాడుకునేవాళ్ళు. మాకూ అది గొప్పగానే ఉండేది. ఎవరింటికి వెళ్ళినా టీవీ మీద మా పేరుతో క్యాసెట్టు కనిపించేది మరి.

ఓ సోమవారం హాస్పిటల్ ల్యాబ్‌లో డ్యూటీ దిగి ఇంటికొచ్చి, బూట్లు విప్పుతుండగా ఫోన్ మోగింది. సాయంత్రాలు షాపు చూసుకునే డోనా. మా దగ్గర ఓ క్యాసెట్టు ఉండిపోయిందట, దానికోసం ఇంకెవరో అడుగుతున్నారట, కాస్త తెచ్చిస్తారా అంది. ఏం క్యాసెట్టని అడిగాను. ఆమె చెప్పిన పేరు నా నోటితో అనను. అందులో నెత్తురుంది, చావుంది, మధ్యలో ఆడపిల్లలు కూడా ఉన్నారు.

ఇల్లంతా వెతికాను. చివరికి మా శాంతి స్కూలు బ్యాగ్‌లో, ఆల్జీబ్రా పుస్తకం కింద దొరికింది. అట్ట మీద ముసుగేసుకున్న వాడొకడు, వాడి చేతిలో నా వంటింట్లో ఉన్నదాని కంటే పెద్ద కత్తి. శాంతికి అప్పుడు పదిహేనేళ్ళు.

"ఏమిటే ఇది?"

శాంతి క్యాసెట్టు వంకా నా మొహం వంకా చూసింది. "అది నాది కాదు, అమ్మా."

"నీది కాకపోతే నీ బ్యాగ్‌లోకి నడిచొచ్చిందా?"

"రిటర్న్ చేద్దామని తెచ్చాను. నా ఫ్రెండ్ కోసం."

"ఎవరా ఫ్రెండు? పేరు చెప్పు, వాళ్ళమ్మతో మాట్లాడతాను."

"చెప్పలేను. ప్రామిస్ చేశాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అబద్ధాలు కూడా నేర్చావన్నమాట! నీకు హారర్ పిచ్చి ఉందని నాకు తెలీదా? గది గోడలనిండా దెయ్యాల బొమ్మలేగా!"

"అవి వేరే, అమ్మా. అవి క్లాసిక్స్. బ్లాక్ అండ్ వైట్. పాత బంగళా ఉంటది, ఫాగ్ ఉంటది, గోస్ట్ ఉంటది. బ్లడ్ అసలు చూపించరు. ఇది స్లాషర్, ఒట్టి నరుకుడు. ఐ హేట్ స్లాషర్స్! డిఫరెన్స్ ఉంది."

"ఏమిటే డిఫరెన్సు? అక్కడా చస్తారు, ఇక్కడా చస్తారు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి!"

"నువ్వు వినట్లేదు" అంది శాంతి.

వినలేదు. అది నా తప్పేనని ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం బ్రహ్మదేవుడు దిగొచ్చి చెప్పినా వినేదాన్ని కాదు.

మర్నాడు క్యాసెట్టు తిరిగిచ్చేసి, మా నంబరు మీద మూడు నెలల్లో ఏమేం వెళ్ళాయో కావాలని డోనాని అడిగాను. అంచులకి చిల్లులున్న పొడుగాటి కాగితం మీద, బరబరా చప్పుడు చేస్తూ మిషను ప్రింటు చేసిచ్చింది. కార్లో కూర్చుని చదివాను. కత్తులు, గొడ్డళ్ళు, చావులు, సమ్మర్ క్యాంపుల్లో చావులు, స్కూలు డాన్సుల్లో చావులు. తెలుగువాళ్ళు ఇంకెవరైనా తీసుకున్నారేమో అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఎవర్ని అడగను? అడిగితే ఎందుకడుగుతున్నావంటారు. మా శాంతి బ్యాగ్‌లో దొరికిందని చెప్పాలి. పరువు పోతుంది.

ఆ ఆదివారం అందరం మా ఇంట్లోనే భోజనాలకి కలిశాం. శశికళ అని, మా వెనక వీధిలో ఉండే శ్రీధర్ భార్య, నేనేమీ అడక్కుండానే ఎత్తుకుంది. "మా ఆఫీసులో చెప్పుకుంటున్నారక్కా, ఆ స్లాషర్లు చూసే పిల్లలకి జాలి అనేది పోతుందట. మనిషిని కొట్టినా ఏమీ అనిపించదట." నా గుండెల్లో రాయి పడింది. పక్కనే శశికళ అత్తగారు వసుమతిగారు అరటికాయ బజ్జీ తింటూ కూర్చున్నారు. ఆవిడ ఇండియా నుంచి వచ్చి ఏడాది అయింది. ఆవిడ మాత్రం ఇంకో బజ్జీ తీసుకున్నారు.

వాళ్ళు వెళ్ళగానే మా ఆయనతో అన్నాను, శాంతిని హైదరాబాదు పంపేద్దామని. మా ఆడపడుచు ఇంటికి దగ్గర్లో ఆడపిల్లల రెసిడెన్షియల్ స్కూలుంది. ఇక్కడి టీవీలూ, ఇక్కడి షాపులూ, ఈ గొడవలేమీ ఉండవు.

"తొందరపడుతున్నావేమో" అన్నాడు ఆయన.

"మీరు మెల్లగా ఆలోచించండి. ఈలోపల అది మన పీకలు కోస్తుంది."

మాట నోట్లోంచి వచ్చేసింది. మెట్ల మీద శాంతి నిలబడి ఉంది, నేను చూసుకోలేదు.

జూన్ పదో తారీఖుకి టికెట్టు తీశాను. చెప్పినప్పుడు ఏడుస్తుందనీ, బతిమాలుతుందనీ, అప్పుడైనా నిజం కక్కుతుందనీ అనుకున్నాను. ఏడవలేదు. "ఎన్నాళ్ళు?" అని అడిగింది. "ట్వెల్త్ అయ్యేదాకా" అన్నాను. "ఓకే" అని పైకి వెళ్ళిపోయింది. దానికి జాలి పోయిందనడానికి ఇంకేం సాక్ష్యం కావాలనుకున్నాను. నేను తల్లిని, కూతురు బిగపట్టుకుని ఉంటే ఆ సంగతి కూడా నాకు తెలియలేదు.

మా ఆయన మందుల కంపెనీలో స్టాటిస్టీషియన్. నోరు తక్కువ, పెన్సిలు ఎక్కువ. ఆ చిల్లుల కాగితం తీసుకుని నాలుగు సాయంత్రాలు దాని మీద కూర్చున్నాడు. నేను సణుగుతూనే ఉన్నాను, పిల్ల చేయిదాటిపోతుంటే ఈయన గీతలు గీస్తున్నాడని. ఐదో రోజు నన్ను పిలిచాడు.

"నళినీ, ఈ లిస్టులో కత్తులు తెచ్చేవాళ్ళు వేరు, దెయ్యాలు తెచ్చేవాళ్ళు వేరు."

"అంటే?"

"పక్కన అక్షరాలున్నాయి చూడు, అది ఏ అరలోదో చెప్పే గుర్తు. డోనాని అడిగాను. పాత హారర్‌కి ఒక అరట, స్లాషర్లకి వేరే అరట. పాత హారరంతా శుక్రవారం సాయంత్రం వెళ్ళింది. నేనే శాంతిని తీసుకెళ్ళేది, నాకు తెలుసు. ఈ స్లాషర్లు పద్నాలుగూ మంగళవారం, లేకపోతే గురువారం. ప్రతిసారీ పొద్దున్న పదకొండు, పదకొండుంబావు. ఒక్కటి కూడా అటూ ఇటూ కలవలేదు. ఒకే మనిషైతే ఎక్కడో ఓ చోట కలవాలి."

ఆయన చెప్పింది వేరు, నాకు వినిపించింది వేరు. "పొద్దున్న పదకొండింటికా? అయితే బడి కూడా ఎగ్గొడుతోందన్నమాట!"

ఆయన తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే స్కూలు ఆఫీసులో వాలాను. అక్కడి పెద్దావిడ రిజిస్టరు తిరగేసి, శాంతి జనవరి నుంచీ ఒక్క పూట, ఒక్క పీరియడ్ కూడా మానలేదని చెప్పింది. "మీ అమ్మాయి చాలా మంచి పిల్ల" అని కూడా అంది. నేను థాంక్స్ చెప్పి బయటికొచ్చి, కారు తాళం తియ్యడం మర్చిపోయి అలాగే నిలబడ్డాను. హమ్మయ్య అనుకోవాలి కదా, అనుకోవడానికి కూడా భయమేసింది. అది కాకపోతే, నేను ఈ పదిహేను రోజులూ దాన్ని ఏమేం అన్నానో లెక్కేసుకోవాలి.

మంగళవారం డ్యూటీ మార్పించుకున్నాను. పొద్దునపూట షాపులో డోనా కాదు, వేరే ఆవిడ ఉంటుంది. ఆవిడనే నేరుగా అడుగుదామని పదకొండుకి పది నిమిషాలుండగా పార్కింగ్‌లో కారాపి, దిగబోతూ ఆగిపోయాను.

రోడ్డు అవతల గడ్డిలో నుంచి ఓ మనిషి వస్తోంది. నీలం నేత చీర, పైన మగవాళ్ళ స్వెట్టరు, కాళ్ళకి తెల్ల టెన్నిస్ బూట్లు, చేతిలో ప్లాస్టిక్ సంచి. రోడ్డు అంచున ఆగి, అటు చూసి, ఇటు చూసి, మళ్ళీ అటు చూసి, కొంగు బిగించి పరుగులాంటి నడకతో దాటింది. షాపు తలుపు తోసుకుని సొంతింట్లోకి పోయినట్టు పోయింది. లోపల్నుంచి "గుడ్ మార్నింగ్ గ్రాండ్‌మా!" అన్న కేక నాకు కార్లోకి వినిపించింది.

వసుమతిగారు.

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. స్టీరింగు మీద తలపెట్టి రెండూ కానిచ్చాను. ఛాతీ మీద ఎవరో పదిహేను రోజుల్నించి కూర్చుని, ఇప్పుడు లేచి వెళ్ళిపోయినట్టుంది. ఆవిడ బయటికి రాగానే హారన్ కొట్టాను. ఎగిరిపడి సంచిని పైటకింద దాచేసుకున్నారు.

"పిన్నిగారూ, ఎక్కండి."

"నడుస్తాలే తల్లీ. ఒంటికి మంచిది."

"నేనంతా చూశాను పిన్నిగారూ. ఎక్కండి."

ఎక్కారు. వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఇంట్లోకెళ్ళాక కాఫీ కలిపిచ్చి, నా ఎదురుగా కూర్చుని, "మా శ్రీధర్‌తో అనకు" అన్నారు. "వాడు నన్ను గుమ్మం దాటద్దన్నాడు. ఈ ఊళ్ళో నడవడానికి దారుల్లేవు, కార్లు గుద్దేస్తాయని వాడి భయం. తెలిస్తే ఈ నాలుగడుగులూ మాన్పిస్తాడు."

"అది సరే, ఈ సినిమాలేమిటండీ మీకు?"

"ఏం చెయ్యమంటావు? వీళ్ళిద్దరూ ఏడున్నరకే పోతారు. టీవీ పెడితే గంటలకొద్దీ మాట్లాడతారు, నాకు ఒక్క ముక్క అర్థం కాదు. మీ శాంతి బంగారం. బడి నుంచి వస్తూ ఇటు తొంగిచూసి పోతుంది. ఓసారి తనకిష్టమైన పాత బొమ్మ తెచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. బాగానే ఉంది, కానీ అందులోనూ మాటలే! మెట్లెక్కి మాట్లాడతారు, మెట్లు దిగి మాట్లాడతారు. ఆ దెయ్యం ఎందుకొచ్చిందో చెప్పుకోవడానికే అరగంట. శాంతి తెలుగులో చెప్పింది, పాపం. దాని తెలుగు నాకు సగమే అర్థమవుతుంది."

"మరి ఇవి?"

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నంబరు శాంతే నేర్పింది. ఓ రోజు నేనే వెళ్ళి, అట్ట చూసి ఏదో తెచ్చుకున్నాను. చూస్తే ఏముంది! ఒక్క మాట అర్థం కాలేదు, కథంతా అర్థమైపోయింది. ఈ దేశంలో నాకోసం కూడా సినిమాలు తీశార్రా అనుకున్నాను."

"రెండూ భయం సినిమాలే కదండీ, తేడా ఏముంది?"

"రెండూ ఒకటేనని ఎవరన్నారు?" ఆవిడకి నిజంగానే కోపం వచ్చింది. వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టారు. "ముందు, చంపేది మనిషే అవ్వాలి. గోడలోంచి దెయ్యం వచ్చిందా, అది లెక్కలోకి రాదు. వాడు ఒక్కడే ఉండాలి. ముఠా అయితే అది దొంగల సినిమా. కత్తో గొడ్డలో పట్టుకుని దగ్గరికి రావాలి. తుపాకీ పేల్చాడా, అది పోలీసు సినిమా. కుర్రకారంతా ఒక్కొక్కళ్ళుగా విడిపోవాలి. ఎన్నిసార్లు అరిచానో, ఒంటరిగా పోకండర్రా అని! వింటారా? ఇక చివర్న ఒక్క పిల్ల మిగలాలి. అది మిగలకపోతే ఎంత నెత్తురు కారినా సరే, నేను దాన్ని ఆ అరలో పెట్టను."

మా ఆయన నాలుగు రోజులు గీతలు గీసి పట్టుకున్న తేడాని ఈవిడ అయిదు వేళ్ళ మీద చెప్పేశారు. మా శాంతీ ఇదే చెప్పింది. నేను పళ్ళూ రాళ్ళూ అని సామెత చెప్పి దాని నోరు మూయించాను.

"భయం వెయ్యదాండీ?"

"ఎందుకెయ్యదూ? చచ్చేంత వేస్తుంది. కానీ ఆ పిల్ల తెల్లవారాక బయటికొచ్చి, దుప్పటి కప్పుకుని కూర్చుంటుంది చూడు. అప్పుడు నాకెంత హాయిగా ఉంటుందో చెప్పలేను. లేచి అన్నం వండుకుంటాను."

నేను నవ్వాను. తర్వాత చెప్పాను. బ్యాగ్‌లో క్యాసెట్టు దొరకడం, ప్రామిస్ చేశానని శాంతి నోరు విప్పకపోవడం, జూన్ పదో తారీఖు, అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ ఆవిడ చేతిలో కాఫీ గ్లాసు కిందికి దిగిపోయింది.

"మోకాలు నొప్పిగా ఉందని నేనే ఇచ్చిరమ్మన్నాను" అన్నారు. "శ్రీధర్‌కి తెలియనివ్వకే అని ఒట్టు వేయించుకున్నాను. నీతో చెప్పినా శశికళకి తెలుస్తుందని, ఎవరితోనూ అనద్దన్నాను. అయ్యో, నాతో ఒక్క ముక్క అనలేదే! నిన్న కూడా వచ్చి, కూర్చుని, పకోడీలు తిని వెళ్ళింది. పంపించేస్తున్నారని అననే లేదు!"

అప్పుడు ఆవిడ చేసిన పని నేను ఊహించలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్ మీద అంటించిన నంబరు చూస్తూ ఒక్కొక్క అంకే నొక్కారు. ఏడాదిగా ఆ ఫోన్ ముట్టుకోని మనిషి. అటు ఎవరో ఇంగ్లీషులో పలికితే "శ్రీధర్. శ్రీధర్" అన్నారు, అంతే. కొడుకు లైనులోకి వచ్చాడు.

"ఒరే, కంగారుపడకు, నేను బాగానే ఉన్నాను. మూడు నెలల్నించి వారానికి ఒకట్రెండుసార్లు రోడ్డు దాటి వీడియో షాపుకి వెళుతున్నాను. కత్తుల సినిమాలు చూస్తున్నాను. ఇకముందూ చూస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి తిట్టు." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు. "ఒట్టు తీసేశాను. నువ్వెళ్ళి ఆ పిల్లతో చెప్పు."

స్కూలు వదిలే వేళకి కార్ల వరసలో కారాపాను. మామూలుగా శాంతి బస్సులో వస్తుంది. నా కారు చూడగానే దాని మొహం మాడిపోయింది. వెనక సీట్లో బ్యాగు పడేసి, ముందు కూర్చుని, బెల్టు పెట్టుకుని, అద్దంలోంచి ఎటో చూస్తోంది. ఇంకేం తప్పు దొరికిందో అని ఎదురుచూస్తోందని తెలిసింది.

"ఇవాళ వసుమతి మామ్మని చూశాను" అన్నాను. "షాపులో."

చటుక్కున తిరిగింది. "మామ్మకి ట్రబుల్ అయిందా? శ్రీధర్ అంకుల్ తిట్టారా?"

మొట్టమొదట అడిగిన మాట అది. తన సంగతి కాదు, టికెట్టు సంగతి కాదు. ఈ పిల్లకేనా జాలి పోయిందన్నాను!

"ఎవరూ తిట్టలేదు. ఆవిడే అంకుల్‌కి ఫోన్ చేసి చెప్పేసింది. నువ్వు ఎక్కడికీ వెళ్ళట్లేదు. ఇంటికెళ్ళగానే టికెట్ క్యాన్సిల్ చేస్తాను."

శాంతి బెల్టు అంచు గోటితో గీకుతోంది.

"నాతో ఒక్కమాట చెప్పి ఉంటే అయిపోయేది కదే?"

"చెప్పాను కదా." అంది శాంతి. "అది నాది కాదు అన్నాను. నేను స్లాషర్స్ చూడను అన్నాను. అవన్నీ ట్రూ. నువ్వు నమ్మలేదు. మామ్మ పేరు చెప్తేనే నమ్ముతావంటే, అప్పుడు నువ్వు మామ్మని నమ్మినట్టు. నన్ను కాదు."

"నాదే తప్పమ్మా" అన్నాను. "ఆ పీకల మాట కూడా అన్నాను. నువ్వు విన్నావు."

"విన్నాను" అంది.

అంతే, రెండు వారాలు బిగపట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బెల్టు పెట్టుకునే నా మీదికి వాలి, మూడేళ్ళ పిల్లలాగా ఏడ్చింది. "నాకు వెళ్ళాలని లేదు అమ్మా, నాకు అసలు వెళ్ళాలని లేదు" అని అదే మాట. నేనూ ఏడ్చాను. దాని జుట్టు నిమురుతూ, వెళ్ళద్దు తల్లీ, ఎక్కడికీ వెళ్ళద్దు అంటూనే ఉన్నాను. ముందున్న కార్లన్నీ ఎప్పుడో కదిలిపోయాయి. వెనకవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు.

"అమ్మా, పీపుల్ ఆర్ వెయిటింగ్" అంది శాంతి, ముక్కు తుడుచుకుంటూ.

"ఉండనీ" అన్నాను.